చేతి గడియారం లెక్కలు: సైకిలు తొక్కేవారు ఎంతవరకు నమ్మాలి?

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మన ఇళ్ళల్లో సైకిలుకు మళ్ళీ మర్యాద వచ్చింది. ఒకప్పుడు సైకిలంటే ఆఫీసుకు పోయే గుమాస్తాకీ, పాలుపోసే అతనికీ, బడికి పోయే పిల్లలకీ వాహనం. ఇప్పుడో, స్కూటరూ కారూ ఉన్నవాళ్ళే తెల్లవారుఝామున లేచి పనిగట్టుకుని సైకిలు తొక్కుతున్నారు. షుగరు అదుపులో ఉండాలని కొందరు, ఒళ్ళు తగ్గాలని కొందరు, పోటీలకు వెళ్ళాలని పిల్లలు. మంచి అలవాటే. ఆడవాళ్ళమూ తొక్కుతున్నాం, తొక్కాలి కూడాను.

అయితే సైకిలుతోపాటు ఇంట్లోకి ఇంకొకటి కూడా వచ్చింది. మణికట్టుకు కట్టుకునే కొత్తరకం గడియారం. టైము చెప్పడం దానికి చిన్నపని. ఎంత దూరం తొక్కారో, ఎంత వేగంగా తొక్కారో, గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుందో, ఎన్ని కేలరీలు ఖర్చయ్యాయో, రాత్రి ఎంతసేపు నిద్రపోయారో అన్నీ చెబుతుంది. అక్కడితో ఆగదు. “ఈరోజు మీ శరీరం సిద్ధంగా ఉంది, గట్టిగా సాధన చేయండి” అని సలహా కూడా ఇస్తుంది.

“ఇన్ని చెబుతోంది కదా, అన్నీ నిజమేనంటారా?” అని మీరు అడగవచ్చు. ఈవేళ నేను చెప్పబోయేది అదే. ఇదేదో మగపిల్లల సరదా, మనకెందుకులే అనుకోకండి. ఆ అంకెలు చూసుకుని కూతురు అన్నం తగ్గిస్తుంది. ఆ అంకెలు చూసుకునే కొడుకు ఒంట్లో నలతగా ఉన్నా సైకిలు తీస్తాడు. కనుక ఇది మన వంటింటి గడప దాకా వచ్చిన విషయమే.

ముందు ఒక్క తేడా గుర్తు పెట్టుకుంటే సగం పని అయిపోతుంది. ఈ గడియారం చెప్పేవాటిలో కొన్ని అది లెక్కపెట్టి చెప్పేవి. కొన్ని ఊహించి చెప్పేవి. శేరుతో బియ్యం కొలిచి ఇన్ని శేర్లని చెప్పడం ఒకటి. ఆ అన్నం తిన్నవారికి ఎంత బలం వచ్చిందో చెప్పడం వేరొకటి. మొదటిదానికి శేరు చాలు. రెండోదానికి మనిషిని ఎరిగి ఉండాలి. గడియారం రెండింటినీ ఒకే అక్షరాల్లో, ఒకే ధీమాతో చూపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది.

ఉదాహరణకు మన నంద్యాల, ఆళ్ళగడ్డ రోడ్డునే తీసుకుందాం. శిరివెళ్ళ మీదుగా దక్షిణానికి సాగే 40వ నంబరు జాతీయ రహదారి. సుమారు 40 కిలోమీటర్లు. రానూపోనూ 80. కుందూ లోయ కనుక చాలామటుకు చదును నేల. తూర్పున నల్లమల కొండలు వరసగా కనిపిస్తూ ఉంటాయి. ఈ రోడ్డుమీద ఒక అబ్బాయి సాధన చేస్తున్నాడనుకోండి. అతని గడియారం చెప్పే ఒక్కొక్క అంకెనూ పరీక్షించి చూద్దాం.

మొదటిది దూరం. దీన్ని రెండు విధాల కొలుస్తారు. చక్రానికి చిన్న అయస్కాంతం బిగించి, అది ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టే పరికరం ఒకటి. చక్రం చుట్టుకొలత సరిగ్గా ఎక్కిస్తే ఇది బాగా నమ్మదగింది. టైరు మార్చి, కొలత మార్చడం మరచిపోతే మాత్రం ప్రతి కిలోమీటరుకూ తేడా వస్తూనే ఉంటుంది. రెండోది ఆకాశంలోని ఉపగ్రహాల సంకేతాలను బట్టి దూరం చెప్పే జి.పి.ఎస్. పైన ఆకాశం కప్పులేకుండా కనిపించేచోట ఫోనులోని జి.పి.ఎస్. సాధారణంగా 5 మీటర్ల లోపు తేడాతో మనం ఉన్న చోటు చెబుతుంది. ఆళ్ళగడ్డ రోడ్డులాంటి బయలు ప్రదేశంలో దానికి ఇబ్బంది లేదు. అదే నంద్యాల నుంచి గిద్దలూరు వైపు నల్లమల ఘాటు రోడ్డెక్కారనుకోండి. చెట్లూ, కొండ మలుపులూ అడ్డమొచ్చి అది కొంచెం తడబడుతుంది. అయినా దూరం విషయంలో గడియారం మాట చాలావరకు నమ్మవచ్చు.

ఎత్తు సంగతి అలా కాదు. “ఇవాళ ఇన్ని మీటర్లు ఎక్కాను” అని పిల్లలు చెబుతారు చూడండి, అందులో తప్పులు ఎక్కువ. ఉపగ్రహాలు అడ్డంగా దూరం చెప్పినంత బాగా నిలువు ఎత్తు చెప్పలేవు. గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చెప్పే గడియారాలు కొంత మేలు. అయితే మబ్బు పట్టి వాతావరణం మారితే ఒత్తిడి కూడా మారుతుంది. అప్పుడు మనిషి కదలకపోయినా గడియారం లెక్కలో కొండెక్కినట్టే. చదును రోడ్డుమీద ఈ చిన్నచిన్న తప్పులు పోగుపడి పెద్ద ఎత్తుగా కనిపించవచ్చు.

రెండోది వేగం. అంకె నిజమే. దానికి మనం చెప్పుకునే అర్థమే తప్పు. ఆషాఢమాసంలో మన సీమలో గాలి ఎలా వీస్తుందో మీకు తెలియంది కాదు. నైరుతి నుంచి వచ్చే ఆ గాలి ఆళ్ళగడ్డకు పోయేటప్పుడు ఎదురు తగులుతుంది. తిరిగి వచ్చేటప్పుడు వీపు తట్టి తోస్తుంది. పోయేటప్పుడు ప్రాణం పెట్టి తొక్కినా గంటకు 18 కిలోమీటర్లే వచ్చి, వచ్చేటప్పుడు సులువుగా 28 వచ్చిందనుకోండి. అబ్బాయి రెండు గంటల్లో బలవంతుడైపోయాడా? లేదు కదూ. బలం గాలిది. వేగాన్ని చూసి నిన్నటికంటే మెరుగయ్యామనో, దిగజారామనో తేల్చుకోవడం పొరపాటు.

మూడోది గుండె. మనకు నాడి చూడటం కొత్తకాదు. ఇంగ్లండులో జాన్ ఫ్లోయర్ అనే వైద్యుడు 1707లో నాడి లెక్కపెట్టడానికి ప్రత్యేకంగా ఒక గడియారం చేయించి, దాని గురించి పుస్తకం రాశాడు. ఫిన్లాండు దేశంలోని పోలార్ సంస్థ 1980ల మొదట్లో ఛాతీకి కట్టుకునే పట్టీనీ, తీగ లేకుండానే దాని లెక్క చూపే గడియారాన్నీ తెచ్చింది. ఆ పట్టీ గుండెలో పుట్టే విద్యుత్తును ఇ.సి.జి. తీసినట్టుగా పట్టుకుంటుంది. నేటికీ ఇంటివాడకంలో అన్నిటికంటే నమ్మదగింది అదే. కట్టుకునేముందు తడి చేసుకోవాలి, బిగుతుగా ఉండాలి, అంతే.

మణికట్టు గడియారం పద్ధతి వేరు. దాని అడుగున పచ్చని వెలుగు మిణుకుమిణుకుమంటూ ఉంటుంది చూశారా? ఆ వెలుగు చర్మంలోకి పోయి, నెత్తురు పొంగినప్పుడూ తగ్గినప్పుడూ వేరువేరుగా వెనక్కి వస్తుంది. ఆ తేడాను బట్టి గుండె లెక్క కడుతుంది. కుర్చీలో కూర్చున్నప్పుడు బాగానే చెబుతుంది. సైకిలు మీద మాత్రం చేతిని హ్యాండిలు మీద బిగించి, మణికట్టు వంచి పట్టుకుంటాం. గతుకులకు చెయ్యి అదురుతుంది. గడియారం వదులుగా ఉంటే బయటి వెలుగు చొరబడుతుంది. అప్పుడు లెక్క తప్పుతుంది. ఉన్నట్టుండి వేగం పెంచినప్పుడు అది వెనకబడి ఆలస్యంగా చెబుతుంది.

మన ఆడవాళ్ళ విషయంలో ఇంకో రెండు సంగతులు. గాజుల పక్కన గడియారం కట్టుకుంటే అవి దాన్ని కదిలిస్తూ ఉంటాయి. మణికట్టు దగ్గర పచ్చబొట్టు ఉంటే ఆ సిరా వెలుగును అడ్డుకుంటుంది. కరోనా రోజుల్లో ప్రాణవాయువు చూసే క్లిప్పు వేలికి పెట్టేముందు గోళ్ళరంగు తీసేయమనేవారు, గుర్తుందా? అటువంటిదే ఇదీ. అందుచేత గడియారాన్ని మణికట్టు ఎముకకు రెండు వేళ్ళు పైన, పచ్చబొట్టు లేనిచోట, గాజులు తగలకుండా కాస్త బిగించి కట్టుకోవాలి. అనుమానం వస్తే ఒక నిమిషం సైకిలు దిగి, మణికట్టు మీద వేళ్ళు పెట్టి 15 సెకన్లు నాడి లెక్కపెట్టి, 4 పెట్టి హెచ్చవేయండి. గడియారం నిజాయితీ అక్కడికక్కడే తేలిపోతుంది.

సరే, గుండె లెక్క సరిగ్గానే వచ్చిందనుకుందాం. అది ఎక్కువా, తక్కువా అని చెప్పడానికి చాలా గడియారాలు ఒక సూత్రం వాడతాయి. 220 లోంచి వయసు తీసేస్తే గుండె కొట్టుకోగల గరిష్ఠ సంఖ్య వస్తుందని. 1970ల మొదట్లో అమెరికా వైద్యులు అప్పటికి ఉన్న లెక్కలు పక్కపక్కన పెట్టి గీసిన ఉజ్జాయింపు గీత అది. 2001లో ఇంకొందరు దాన్ని సవరించి, వయసును 0.7 తో హెచ్చవేసి 208 లోంచి తీసేయాలన్నారు. 60 ఏళ్ళవారికి మొదటి లెక్కలో 160 వస్తే, రెండోదానిలో 166. ఏ సూత్రమైనా సగటు మనిషికే. ఒకే వయసున్న ఇద్దరికి 10, 20 తేడా ఉండటం వింతేమీ కాదు. ఇంట్లో పెద్దవారు బి.పి.కో గుండెకో గుండె వేగం తగ్గించే మాత్రలు వేసుకుంటుంటే ఈ సూత్రాలు వారికి అసలే పనికిరావు. ఎంత తొక్కినా గుండె లెక్క పైకి పోదు. “ఇంకా తొక్కు, నువ్వింకా తేలిగ్గానే ఉన్నావు” అని గడియారం ఎగదోస్తూ ఉంటుంది. అటువంటివారు డాక్టరు చెప్పిన హద్దులోనే ఉండాలి.

ఇప్పుడు ఎండ సంగతి. నంద్యాల ఎండ గురించి మీకు నేను చెప్పేదేముంది! 44, 45 డిగ్రీలు తాకే రోజులు ఎన్ని చూడలేదు! ఏప్రిల్ నెలలో మన అబ్బాయి ఉదయం 6 గంటలకు బయలుదేరితే గుండె 130 కొట్టుకుంటోంది. అదే వేగంతో, అదే రోడ్డుమీద 8 గంటలయ్యేసరికి 150 చూపిస్తోంది. అంకె తప్పు కాదు. ఒంటిని చల్లబరచడానికి నెత్తురు చర్మం వైపు మళ్ళుతుంది. చెమట పోయిన కొద్దీ ఒంట్లో నీరు తగ్గుతుంది. ఉన్న నెత్తురుతోనే అన్ని పనులూ జరగాలి కనుక గుండె ఎక్కువసార్లు కొట్టుకోవలసి వస్తుంది. కానీ కొన్ని గడియారాలు దీన్ని చూసి “మీ శక్తి తగ్గింది” అని తీర్పు చెబుతాయి. పౌరుషం గల పిల్లవాడు ఏం చేస్తాడు? ఇంకా గట్టిగా తొక్కుతాడు. వడదెబ్బకు దారి అదే.

అందుచేత ఇక్కడ అంకెను నమ్మాలి, తీర్పును నమ్మకూడదు. ఎండలో గుండె లెక్క పెరిగితే వేగం తగ్గించు, నీడకు చేరు, ఉప్పు వేసిన మజ్జిగ తాగు అని దానికి అర్థం. తల తిరగడం, వాంతి రావడం, కాళ్ళు తడబడటం, మాట పొంతన లేకుండా ఉండటం కనిపిస్తే గడియారం ఏం చెబుతోందో చూడకండి. వెంటనే నీడలో పడుకోబెట్టి ఒంటిమీద నీళ్ళు పోసి, గాలి విసురుతూ 108కి ఫోను చేయండి.

నాలుగోది కేలరీలు. మన వంటింటిని నేరుగా తాకేది ఇదే. 2017లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవారు 60 మందికి 7 రకాల చేతి పరికరాలు కట్టి, నడిపించి, పరుగెత్తించి, నిలబెట్టిన సైకిలు తొక్కించి పరీక్షించారు. వారి శ్వాసను కొలిచి అసలు ఖర్చెంతో పక్కన పెట్టుకున్నారు. గుండె లెక్కలో 7 పరికరాల్లో 6 నూటికి 5 లోపు తప్పుతోనే చెప్పాయి. కేలరీల దగ్గర మాత్రం అన్నిటికంటే మంచిది సగటున నూటికి 27 తప్పింది. అన్నిటికంటే అధ్వాన్నమైనది 93 తప్పింది! తర్వాత కొత్తరకాలు చాలా వచ్చాయి. కానీ పద్ధతి మారలేదు. వయసు, బరువు, గుండె లెక్క చూసి ఊహించడమే.

దీన్ని మన లెక్కలోకి మార్చి చూద్దాం. గడియారం 600 కేలరీలని చూపిందనుకోండి. నూటికి 27 తప్పయితే అసలు ఖర్చు 470 అయినా అయ్యుండవచ్చు, 820 అయినా అయ్యుండవచ్చు. 600 ఖర్చయిందని నమ్మి వస్తూనే రెండు ప్లేట్ల ఉగ్గాని, నాలుగు మిరపకాయ బజ్జీలు లాగించినవారు నెల తిరిగేసరికి “ఇంత తొక్కుతున్నా ఒళ్ళు తగ్గలేదే” అని విచారిస్తారు. ఇది కొంతలో కొంత నయం. దీనికి తిరగబడి జరిగేది ప్రమాదం. గడియారం తక్కువ చూపిందని, ఎదిగే పిల్ల జొన్నరొట్టె పక్కకు నెట్టేస్తుంది. “అమ్మా, నాకింకా 200 మిగిలే ఉంది, తినను” అంటుంది. కూడికలూ తీసివేతలూ తెలిసిన పిల్ల కనుక మనకు ఎదురు చెప్పడానికి తోచదు. ధైర్యంగా చెప్పండి: “ఆ లెక్క అంచనాయే పాపా, కొలత కాదు” అని. చెప్పి వడ్డించండి.

పోటీలవాళ్ళు పెడలు మీద ఎంత బలం పడుతోందో కొలిచే పరికరం సైకిలుకు బిగించుకుంటారు. 1986లో జర్మనీలో షోబరర్ అనే ఇంజనీరు ఇటువంటిదాన్ని తయారుచేసి వాడకంలోకి తెచ్చాడు. ఇది ఊహించదు, నిజంగా కొలుస్తుంది. గాలీ ఎండా దీన్ని అంతగా మోసం చేయలేవు. కేలరీల లెక్క కూడా దీంతో మెరుగ్గా వస్తుంది. కానీ ఖరీదు ఎక్కువ. తొక్కేముందు సున్నాకు సరిచేసుకోకపోతే ఇదీ తప్పు చెబుతుంది. ఆరోగ్యం కోసం తొక్కేవారికి దీని అవసరం లేదు.

ఇక ఆడపిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. అంటే సగానికి పైగా. నెత్తురులో ఇనుము తక్కువైతే ప్రాణవాయువు మోసే శక్తి తగ్గుతుంది. ఆ లోటు తీర్చడానికి గుండె వేగంగా కొట్టుకుంటుంది. గడియారం దీన్ని చూసి “సాధన చాలదు” అంటుంది. పిల్ల మర్నాడు ఇంకో పది కిలోమీటర్లు పెంచుతుంది. కావలసింది పది కిలోమీటర్లు కాదు. రక్తపరీక్ష, డాక్టరు చెబితే ఇనుము మాత్రలు, ఇంట్లో ఆకుకూరలు, రాగులు, తినేవారైతే మాంసం. మెట్లెక్కినా ఆయాసపడుతున్న పిల్ల, ముఖం పాలిపోయిన పిల్ల, చీటికీమాటికీ అలసిపోయానంటున్న పిల్ల ఇంట్లో ఉంటే గడియారాన్ని పక్కన పెట్టి ముందు హిమోగ్లోబిన్ చూపించండి.

అలాగే నెలసరికి ముందు రోజుల్లో ఒంటి వేడి కాస్త పెరుగుతుంది. విశ్రాంతిగా ఉన్నప్పటి గుండె లెక్క కూడా రెండు మూడు పెరగవచ్చు. ఇది ప్రకృతి ధర్మం. ఈ సంగతి లెక్కలోకి తీసుకోని గడియారం “మీరు కోలుకోలేదు” అని చెబితే కంగారు పడనక్కరలేదు. నెల మొత్తం చూసుకుంటే ఆ ఎత్తుపల్లాలు మనకే తెలిసిపోతాయి.

చివరిది నిద్ర. ఎన్ని గంటలు పడుకున్నారో గడియారం సుమారుగా చెప్పగలదు. గాఢనిద్ర ఎంత, కలలనిద్ర ఎంత అనేది సరిగ్గా తేల్చాలంటే ఆస్పత్రిలో తలకు తీగలు తగిలించి చూడాలి. మణికట్టు మీంచి చెప్పేది ఊహే. 2017లో అమెరికాలో కొందరు వైద్యులు ఒక కొత్త ఇబ్బందిని గమనించి “ఆర్థోసోమ్నియా” అని పేరు పెట్టారు. గడియారం నిద్ర చాల్లేదని చెప్పిందన్న బెంగతోనే నిద్ర చెడగొట్టుకోవడం! లేవగానే ఒంట్లో హాయిగా ఉంటే నిద్ర బాగా పట్టినట్టే. దానికి ఇంకొకరి సర్టిఫికెట్టు ఎందుకండీ?

“అయితే గడియారం దండగంటారా?” అని అడుగుతారు. దండగ కాదు. వాడే తీరు తెలిస్తే మంచి సాయమే. ఆ తీరు ఇది.

ఒకే గడియారాన్ని ఒకే రోడ్డుమీద, ఒకే వేళ వాడి చూసుకోవాలి. తప్పు చెప్పే తూకమైనా ఎప్పుడూ ఒకేలా తప్పితే బరువు పెరిగిందో తగ్గిందో తెలుస్తుంది కదా! చల్లని ఉదయం శిరివెళ్ళ దాకా అదే వేగంతో పోయినప్పుడు రెండు నెలల క్రితం 145 ఉన్న గుండె ఇప్పుడు 135 ఉందంటే సాధన ఫలించిందన్నమాట. ఒక్కరోజు అంకె చూడకండి, వారాల వరస చూడండి. ఒకరి గడియారాన్ని ఇంకొకరి గడియారంతో పోల్చకండి.

తొక్కేటప్పుడు మాట్లాడి చూడమనండి. పూర్తి వాక్యాలు చెప్పగలిగితే శ్రమ మితంగా ఉన్నట్టు. రెండు మాటలకే ఊపిరి అందకపోతే ఎక్కువైనట్టు. స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ మనిషి తన శ్రమను తానే 6 నుంచి 20 వరకు అంకెల్లో చెప్పే పద్ధతి పెట్టాడు. 6 అంటే విశ్రాంతి, 20 అంటే ఇక చేతకాదని. దాన్ని నేటికీ వైద్యులు వాడుతున్నారు. మనిషి తన ఒంటి గురించి చెప్పే మాటకు శాస్త్రంలోనూ విలువ ఉందన్నమాట.

ఒక చిన్న నోటుపుస్తకం పెట్టించండి. రోజూ మూడు ముక్కలు చాలు. రాత్రి నిద్ర ఎలా పట్టింది, లేచేసరికి నాడి ఎంత, తొక్కాక ఒంట్లో ఎలా ఉంది. లేచేసరికి నాడి మామూలుకంటే వరసగా కొన్ని రోజులు బాగా ఎక్కువగా ఉంటే జ్వరం రాబోతుండవచ్చు, లేదా అలసట మితిమీరి ఉండవచ్చు. ఆ రోజుల్లో సైకిలుకు సెలవు.

జాతీయ రహదారి మీద లారీల మధ్య తొక్కుతూ గడియారం వైపు చూడవద్దని గట్టిగా చెప్పండి. అంకెలు ఇంటికొచ్చాక కూడా చూసుకోవచ్చు. ఛాతీలో నొప్పి, ఎడమచేతికో దవడకో పాకే బరువు, కళ్ళు తిరగడం, ఎప్పుడూ లేని ఆయాసం వస్తే గడియారం అంతా బాగుందని చూపినా సరే, దిగి ఆస్పత్రికి పోవలసిందే. ఇ.సి.జి. తీసే గడియారాలు కూడా గుండె లయ తప్పడాన్ని పట్టగలవేమోగాని గుండెపోటును పట్టలేవు. వాటిని చేసేవారే ఆ మాట చెబుతున్నారు.

అమ్మలారా, అక్కలారా! దూరాన్ని నమ్మండి. గుండె లెక్కను సరిచూసుకుని నమ్మండి. కేలరీలను ఉజ్జాయింపుగానే తీసుకోండి. సలహాను సలహాగానే వినండి. పిల్లవాడు ముద్ద మింగడానికి బద్ధకిస్తున్నాడా, పిల్ల ముఖం వాడిందా, ఆయన మెట్లెక్కి రొప్పుతున్నారా అన్నది ఏ గడియారమూ చూడదు. అది చూసేది మీరు. గడియారానికీ మీ కంటికీ మాట కుదరనినాడు సైకిలు గోడకు చేరవేయించండి. ఆళ్ళగడ్డ రోడ్డు రేపూ అక్కడే ఉంటుంది.

శలవు.